బొట్టు పెట్టుకున్న ఆంప్లిఫయర్

ఫిలింనగర్‌లో పాటల రికార్డింగ్ థియేటర్‌లో నిర్మాతగారు మా ఆయన గిటారు ఆంప్లిఫయర్‌కి కుంకుమ బొట్టు పెడుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. పెట్టె నెత్తిన ఒక బొట్టు పెట్టి ఊరుకుని ఉంటే నేనూ చప్పట్లు కొట్టేదాన్నే. నిర్మాతగారు అక్కడితో ఆగలేదు. వంగి, కళ్లజోడు సర్దుకుని, ముందున్న నాబ్‌ల మీద కూడా పెట్టారు. వాల్యూమ్‌కి ఒకటి, బాస్‌కి ఒకటి, ట్రెబుల్‌కి ఒకటి. ప్రతి బొట్టు నుంచి పక్కనే రేకు మీదున్న అంకె దాకా వేలితో ఒక గీత లాగారు. గీసిన గీతను ఎవరూ దాటకూడదన్నట్టు.

"ఎనిమిది, ఎనిమిది, మూడు. మన పాట ఆడింది ఈ నంబర్ల వల్లేనండీ. ఇకనుంచి మన కంపెనీలో వీటిని ఎవరూ కదపడానికి వీల్లేదు. సెంటిమెంటు!" అన్నారు.

మా ఆయన చేతులు కట్టుకుని "అలాగే సార్" అన్నారు.

పాట ఆడింది గిటారు వాయించిన మనిషి వల్ల కూడా అయ్యుండొచ్చని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. మా ఆయనకూ తోచలేదు. నన్ను భయపెట్టింది అదే.

నిజానికి భయపడటం నాకు ఉద్యోగం లాంటిది. సెలవులు లేవు. పాప బస్సు దిగేటప్పుడు పడుతుందేమో, బాబు నీళ్ల సంపు మూత ఎత్తుతాడేమో, గ్యాస్ తిప్పేస్తాడేమో. ఈ చివరి దానికి నేనొక ఉపాయం కూడా కనిపెట్టాను. వంట అవగానే స్టవ్ నాబ్‌లు ఊడదీసి బియ్యం డబ్బాలో దాచేస్తాను. మా ఇంట్లో టీ కావాలంటే ముందు బియ్యంలో చెయ్యి పెట్టాలి. మా ఆయన దీన్ని చాలామందికి జోకుగా చెప్పుకున్నారు.

మాది కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా ఆయన గిటారు నేర్చుకున్నది చర్చి క్వయర్‌లో. తర్వాత మద్రాసు. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు ఒక్కసారిగా రాలేదు, వాయిదాల మీద వచ్చింది. ముందు హీరోలు వచ్చి జూబ్లీహిల్స్ బండలు పగలగొట్టించి ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత స్టూడియోలు వచ్చాయి. అందరూ సర్దుకున్నాక, మిగిలిన చోట్లో వాయిద్యాల వాళ్లం వచ్చి వెంగళరావు నగర్‌లో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. నాకు బొట్టు లేదు, మా పాపకు లేదు. ఇంట్లో బొట్టు పెట్టుకునేది ఆంప్లిఫయర్ ఒక్కటే. రెండో తరగతి చదివే మా పాప దాన్ని చూసి, "ఇది ఆదివారం మనతో చర్చికి రాదా అమ్మా?" అని అడిగింది.

ఈ సెంటిమెంటు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. జూబ్లీహిల్స్‌లో నిన్న చూసిన ఇంటికి ఈరోజు వెళ్తే గేటు కనిపించకపోవచ్చు. కంగారు పడక్కర్లేదు, మధ్యలో ఒక సినిమా పోయి ఉంటుంది. సినిమా పోతే గేటు దిక్కు మారుతుంది, పేరులో ఒక అక్షరం పెరుగుతుంది, కారు రంగు మారుతుంది. కథ మారిన దాఖలా మాత్రం నేను చూడలేదు.

బొట్లు పెట్టిన కొన్ని నెలలకు మా ఆయన గిటారులో పికప్ మూగబోయింది. పికప్ అంటే తీగల కింద బిగించి ఉండే బిళ్ల. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక లాంటి రాగితీగ చుట్ట. పైన తీగ కదిలితే ఆ కదలికను కరెంటుగా మార్చి ఆంప్లిఫయర్‌కి పంపేది అదే. నేను బియ్యెస్సీ ఫిజిక్స్. ఆ చదువు పెళ్లిచూపుల తర్వాత పనికొచ్చింది ఇక్కడే. చుట్టలో తీగ ఎక్కడో తెగిందని నేనే చెప్పాను. మా ఆయన మద్రాసు మిత్రుడి ద్వారా కొత్త పికప్‌లు తెప్పించి బిగించుకున్నారు. ఇవి జంట చుట్టలవి. పాతవాటిది పీల గొంతు, వీటిది పెద్ద గొంతు.

పీల గొంతు కాబట్టే పాతవాటికి వాల్యూమ్ ఎనిమిదిలో పెట్టి, బాస్ ఎనిమిదికి పెంచి, కీచుమనకుండా ట్రెబుల్ మూడుకు తగ్గించుకున్నారు. గొంతు మారితే ఇవన్నీ మార్చుకోవాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఉప్పుచేప వేసిన పులుసులో మళ్లీ గుప్పెడు ఉప్పు వెయ్యం కదా, అంతే. కానీ మా పులుసులో ఉప్పు ఎంతో నిర్మాతగారు బొట్టు పెట్టి మరీ నిర్ణయించేశారు.

కొత్త పికప్‌లతో మొదటి రిహార్సలు శుక్రవారం. ఆ రోజు జరిగింది మా ఆయన ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, తినకుండా చెప్పారు.

మీటగానే గేదె బురదలో దిగబడిన చప్పుడు వచ్చిందట. రెండోసారి మీటేసరికి అదీ పోయి, రైలు కూతలాంటిది మొదలై ఆగలేదట. నిర్మాతగారు అద్దాల గదిలోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏంటండీ ఈ మోత? మన సౌండేదీ?"

"పికప్‌లు కొత్తవి సార్. కాస్త వాల్యూమ్, బాస్ తగ్గించుకుని ట్రెబుల్ పెంచితే..."

"ఆ మాట మళ్లీ నోట రానివ్వకండి!"

ఇక అక్కణ్ణించి అందరూ ఆలోచించడం మొదలుపెట్టారు. ఆంప్లిఫయర్‌ని తూర్పుకు తిప్పారు. కూత తూర్పు నుంచి వచ్చింది. దుప్పటి కప్పారు. ఎవరో మా ఆయన చొక్కా రంగు మంచిది కాదన్నారు, డ్రమ్ముల ఆయనతో మార్పించారు. గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టారు. నాబ్‌లు తప్ప ఆ థియేటర్‌లో కదపగలిగినవన్నీ కదిపారు. సంగీత దర్శకుడు ఏమీ అనలేదు. ఆయనకు ఆ కంపెనీలో ఇది రెండో సినిమా, మూడోది కూడా కావాలి.

అప్పుడు కీబోర్డు ఆయన తీరిగ్గా అన్నాడట, "సార్, మీరు ఊఁ అంటే ఆ గిటారు బిట్లు నేను ఇందులో లాగించేస్తాను. బొట్టు ఖర్చు కూడా ఉండదు."

నిర్మాతగారికి ఆ మాట బాగా నచ్చింది. "రేపు సాయంత్రం ముహూర్తానికి మన పాత నంబర్ల మీద గిటారు పలికితే సరే. లేదంటే కీబోర్డే. ఈ సినిమాకే కాదు, ఇక ముందు సినిమాలకు కూడా" అనేశారు.

మా ఆయన అన్నం తినకపోవడానికి కారణం ఇదీ. ఒక్కసారి కీబోర్డులో గిటారు మోగిందంటే, గిటారు కుర్చీ మడిచి గోడకు ఆనిస్తారు. మళ్లీ ఎవరూ విప్పరు. అంతకుముందు సంవత్సరం అరడజను వయొలిన్ కుర్చీలు అలాగే గోడకు చేరాయి. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో ఒకాయన ఇప్పుడు మోతీనగర్‌లో పిల్లలకు ట్యూషన్ చెబుతున్నారు. సంగీతం కాదు, లెక్కలు.

శనివారం పాపకు ఒంటిపూట బడి. మధ్యాహ్నం మా ముందుగదిలో, రాత్రి కంపెనీ వ్యాన్ తెచ్చి దింపిన ఆంప్లిఫయర్ మీద తువ్వాలు తీసి, మా ఆయన అనుమతి ఉన్న పనులన్నీ చేశారు. గిటారు మీదే చిన్న వాల్యూమ్ ఉంటుంది, అది తగ్గించారు. మోత తగ్గింది, గిటారు ముసుగుతన్ని పడుకున్నవాడు మాట్లాడినట్టు వినిపించింది. పికప్‌ల పక్క స్క్రూలు వదులు చేసి వాటిని తీగలకు దూరంగా దించారు. బురద కాస్త పలచబడింది కానీ కూత ఎక్కడికీ పోలేదు. నేను ఒక కన్ను ఆ చిన్న స్క్రూల మీద, ఒక కన్ను బాబు నోటి మీద ఉంచాను.

పైనుంచి ఓనరమ్మ దిగి వచ్చింది.

"ఏంది బిడ్డా గీ మోత? మా ఆయన పండుకున్నోడు దిగ్గున లేసి కూసున్నడు. ఎవలన్న సచ్చిండ్రా అని అడుగుతుండు."

"ఎవరూ లేదండీ. గిటారు సరిచేస్తున్నారు."

"గా గుండీలు తిప్పి జర తగ్గియ్యరాదు?"

"తిప్పకూడదండీ. సినిమావాళ్ల సెంటిమెంటు."

"తిప్పొద్దంటే గుండీలు ఎందుకు పెట్టిండ్రు మరి?" అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

నేను మా ఆయన వైపు తిరిగాను. "తిప్పండి."

"సాయంత్రం పెట్టె కోసం కంపెనీ మేనేజరు వ్యాన్ తీసుకుని వస్తాడు. గీత గీతకు కలిసిందా లేదా చూసి మరీ ఎక్కిస్తాడు. అక్కడ నిర్మాతగారు మళ్లీ చూస్తారు. నంబర్లు కంఠతా వచ్చు ఆయనకి."

"చూస్తే చూడనివ్వండి. వినడానికి చెవులు లేవా ఆయనకి?"

మా ఆయన మెల్లగా అన్నారు, "ఏమో... నిజంగానే ఆ నంబర్ల వల్ల ఆడిందేమో!"

ఆ క్షణంలో ఆయన మీద వచ్చిన కోపం ఇక్కడ రాస్తే పిల్లలు పెద్దయ్యాక చదువుతారు. వేళ్లు కాయలు కట్టేలా వాయించిన మనిషి, ఆ కాయల్ని చూసుకోవడం మానేసి కుంకుమ వైపు చూస్తున్నాడు. టీ పెట్టడానికి లేచాను. బియ్యంలో చెయ్యి పెట్టి స్టవ్ నాబ్ తీశాను, దులిపాను, తొడగబోయాను.

తొడగకుండా అలాగే నిలబడిపోయాను.

ఎన్నాళ్లుగా ఊడదీస్తున్నాను దీన్ని! నాబ్ వేరు, దాని కింద కడ్డీ వేరు. గ్యాస్ వదిలేదీ ఆపేదీ కడ్డీ. నాబ్ దానికి పెట్టిన టోపీ. నిర్మాతగారు బొట్టు పెట్టింది టోపీకి.

టీ లేదు, ఏమీ లేదు. వెళ్లి ఆంప్లిఫయర్ ముందు గొంతుకూర్చున్నాను. స్టవ్ కడ్డీకి ఒక పక్క చదునుగా ఉంటుంది, నాబ్ ఒక్క దిక్కులోనే ఎక్కుతుంది. దీని కడ్డీ గుండ్రంగా ఉంది. నాబ్ పక్కన చీమతలంత స్క్రూ. అది వదులు చేస్తే నాబ్ చేతికొస్తుంది, మళ్లీ ఏ అంకె వైపు కావాలంటే ఆ అంకె వైపు తొడుక్కోవచ్చు. లోపల నాలుగులో ఉన్నా పైకి ఎనిమిదని చూపిస్తుంది. జూబ్లీహిల్స్‌లో ఇది కొత్తేమీ కాదు, చాలామంది మనుషులు ఇలాగే ఉంటారు.

చెప్పాను. మా ఆయన స్క్రూడ్రైవరు తీసుకున్నారు. పెట్టేశారు. మళ్లీ తీసుకున్నారు. 

"ఇటివ్వండి. మీ చెయ్యి సాయంత్రానికి కావాలి" అని నేను లాక్కున్నాను.

ఊపిరి బిగబట్టి మూడు నాబ్‌లూ ఊడదీశాను. తుమ్మొస్తే కుంకుమ ఎగిరి సినిమా పోతుందని భయం. వాటిని స్టీలు పళ్లెంలో పెట్టి, పళ్లెం బీరువా మీద పెట్టాను, బాబుకు అందకుండా. ఇక రేకు లోంచి మూడు బోడి కడ్డీలు బయటికి చూస్తున్నాయి. వాటికి ఏ సెంటిమెంటూ లేదు.

అప్పుడు మా ఆయనకు ప్రాణం వచ్చింది. ముందు దించిన పికప్‌లను మళ్లీ తీగల దగ్గరికి ఎత్తుకున్నారు. వాల్యూమ్ కడ్డీని వేళ్లతో పట్టుకుని, కూత ఆగేదాకా తగ్గించారు. తర్వాత లావు తీగను మీటుతూ బాస్ తగ్గించడం మొదలుపెట్టారు. కొంచెం, ఇంకొంచెం. ఒకచోట బురద ఎండి, కింద నేల కనిపించినట్టు స్వరం తేటపడింది. ట్రెబుల్ పెంచారు. మరీ పెంచేసరికి రేకు మీద గోరు గీసినట్టు నా పళ్లు జివ్వుమన్నాయి. "వద్దు, వద్దు, వెనక్కి!" అని, మళ్లీ టీ పెట్టడానికి వెళ్లినదాన్ని, వంటింట్లోంచి అరిచాను. వెనక్కి తెచ్చారు. బాస్ తగ్గించినప్పుడు పోయిన నిండుదనం కోసం వాల్యూమ్ ఒక వెంట్రుకవాసి పెంచారు.

"ఒంటరిగా వింటే చాలదు. పాడే గొంతు కింద ఇమడాలి" అన్నారు.

పాపను గది మధ్యలో నిలబెట్టి సండేస్కూలు పాట పాడమన్నాం. అది చేతులు వెనక్కి కట్టుకుని మొదలెట్టింది. మా ఆయన దాని కింద మెల్లగా వాయించారు. నేను వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాను. మొదటి చరణంలో పాప మాటలు మునిగిపోయాయి, చెప్పాను. ట్రెబుల్ కాస్త సర్దారు. రెండో చరణంలో ప్రతి మాటా వినిపించింది, ప్రతి తీగా వినిపించింది. ఒకదాన్ని ఒకటి తోసుకోలేదు. మూడో చరణానికి బాబు కూడా అందుకున్నాడు. వాడి గొంతును ఏ సెట్టింగూ ఇముడ్చుకోలేదు.

తిరిగి తొడగడం మాత్రం ప్రాణాంతకం. మా ఆయన కడ్డీని కదలకుండా పట్టుకుంటే, నేను నాబ్ తొడిగి, బొట్టు గీత రేకు మీది గీతతో కలిసేలా తిప్పి స్క్రూ బిగించాలి. వాల్యూమ్, బాస్ బాగానే కూర్చున్నాయి. ట్రెబుల్ బొట్టు నా బొటనవేలికి అంటుకుని సగం చెరిగిపోయింది.

మా ఇంట్లో కుంకుమ ఉండదు. మెట్లెక్కాను.

"చిటికెడు కుంకుమ ఉంటుందాండీ?"

ఓనరమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గిన్నేండ్లకు యాదికొచ్చిందా బిడ్డా? కూసో, పెడతా."

"నాకు కాదండీ. ఆంప్లిఫయర్‌కి."

ఆవిడ నవ్వలేదు, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. "డబ్బా ముత్తైదువనా ఏంది?" అని మాత్రం అడిగింది.

సాయంత్రం ప్రొడక్షన్ మేనేజరు వ్యాన్‌లో వచ్చాడు. బోరబండ మనిషి, మంచివాడు, పిల్లలంటే ఇష్టం. ఆ రోజు ఆ ఇష్టం కూడా నాకు భయంగానే ఉంది. పెట్టె ముందు వంగి, గీతలు ఒక్కొక్కటీ చూసి, బొట్లకు చెయ్యి ఆనీ ఆనకుండా కళ్లకద్దుకున్నాడు. లేచి పాపను అడిగాడు.

"ఏం పాపా, గుండీలు గిట్ల ముట్టిండ్రా ఎవరన్న?"

 మా ఆయన గిటారు బ్యాగు జిప్పు వేసి, తీసి, మళ్లీ వేశారు.

పాప అంది, "బొట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి అంకుల్. కావాలంటే లెక్కపెట్టుకోండి."

"హుషారున్నది పోరి!" అని ఆయన నవ్వాడు.

"అంకుల్, మా అమ్మేం చేసిందంటే..." అని బాబు మొదలుపెట్టాడు. నా చేతిలో ఉన్న అరటిపండు వాడి నోట్లోకి ఎలా వెళ్లిందో నాకే తెలియదు. వ్యాన్ మలుపు తిరిగేదాకా వాడు నములుతూనే ఉన్నాడు.

రికార్డింగ్ నుంచి వచ్చాక మా ఆయన ముందు అన్నం పెట్టమన్నారు. అర్థమైంది. తింటూ చెప్పారు. మొదటి టేక్‌లోనే గిటారు ఓకే. కీబోర్డు ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నిర్మాతగారు అద్దాల గదిలోంచి రెండు చేతులూ పైకెత్తుకుంటూ వచ్చారు.

"చూశారా! నేను చెప్పలేదూ? ఎనిమిది, ఎనిమిది, మూడు! నిన్న గుమ్మడికాయ సరిగ్గా పగల్లేదండీ, అదీ సంగతి."

ఆ నంబర్లు అట్ట మీద రాయించి థియేటర్‌లో తగిలించమన్నారట. ఇకమీదట ఆ కంపెనీకి ఏ గిటారిస్టు వచ్చినా అవే పెట్టుకోవాలట. పాపం, ఆ వచ్చేవాళ్లను తలుచుకుంటే జాలేసింది. ఒక్కొక్కరూ బురదలో దిగబడతారు. మా ఆయన్ని తర్వాతి సినిమాకు కూడా అక్కడే ఖాయం చేశారు.

"మీ వాయింపు గురించి ఏమన్నారు?" అని అడిగాను.

"భోజనం చేసి వెళ్లమన్నారు."

"మరి చెయ్యలేదేం?"

"నాకు నవ్వొస్తోందే. అక్కడ కూర్చుంటే దొరికిపోతానని వచ్చేశాను" అన్నారు. శుక్రవారం నుంచి ఆయన నవ్వడం అదే మొదలు. ఇద్దరం కంచం ముందు చాలాసేపు నవ్వుకున్నాం.

ఆయన నిద్రపోయారు. నాకు పట్టలేదు, నా ఉద్యోగం మొదలైంది. మేనేజరు మళ్లీ వస్తాడు. బాబు నోట్లో ఎన్నాళ్లని అరటిపండ్లు పెడతాను? ఎవరైనా ఆ స్క్రూ చూస్తే కుర్చీ మడవడానికి సాకు దొరుకుతుంది. వీటన్నిటినీ మించిన భయం ఇంకొకటి ఉంది. ఏడేళ్ల పిల్ల ఒక్క అబద్ధం లేకుండా అంత పెద్దమనిషిని బోల్తా కొట్టించింది. అది ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు.

మర్నాడు ఆదివారం. చర్చికి జడ వేస్తుంటే పాప కదలకుండా కూర్చుంది. కదలకపోవడం దాని స్వభావం కాదు.

"అమ్మా, నిన్న నేను అంకుల్‌తో అబద్ధం చెప్పానా? సండేస్కూల్ టీచర్‌కి చెప్పాలా?"

బాబును కూడా పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను.

"నిన్న నువ్వు చెప్పింది అబద్ధం కాదు, కానీ ఆయన అడిగిన దానికి జవాబు కూడా కాదు. ఇకముందు ఎవరైనా నాబ్‌లు ఎవరు ముట్టుకున్నారని అడిగితే తిరకాసు జవాబు చెప్పకండి. అమ్మ ఊడదీసింది, అమ్మే తొడిగింది అని చెప్పండి. అది నిజం. కోపమొస్తే నా మీద రానీ. వాళ్ల ఆర్కెస్ట్రాలోంచి నాన్నను తీసెయ్యగలరు కానీ నన్ను తీసెయ్యలేరు. ఎవరూ అడక్కపోతే మాత్రం మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఒరేయ్, నీకే చెబుతున్నాను, నా మొహం చూడు."